లక్ష్మణ్‌ని ఇంకొక్క మ్యాచ్ ఆడమన్నాం, సింధుని మానెయ్యమంటున్నాం. ఏ లెక్కన?

ఉప్పల్ నార్త్ స్టాండ్

2012 ఆగస్టులో న్యూజిలాండ్‌తో ఉప్పల్ టెస్టుకి నాన్నకీ నాకూ టికెట్లు కొన్నాను. జట్టులో లక్ష్మణ్ పేరుంది. సొంతూళ్ళో ఆడతాడు, బహుశా ఇదే ఆఖరు సిరీస్ అవుతుంది, కళ్ళారా చూద్దామని నాన్న ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నారు. మ్యాచ్ 23న. 18న లక్ష్మణ్ ప్రెస్ మీట్ పెట్టి, ఇక ఆడను అని చెప్పేశాడు. ఐదు రోజులు ఆగితే సరిపోయేది కదా అని నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

టికెట్లు ఉన్నాయి కాబట్టి వెళ్ళాం. పుజారా 159 కొట్టాడు, అశ్విన్ 12 వికెట్లు తీశాడు, ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. నాన్న చప్పట్లు కొట్టారు కానీ, వికెట్ పడ్డప్పుడల్లా ఆయన చూపు పెవిలియన్ మెట్ల వైపే వెళ్ళేది.

ఇప్పుడు అడగాల్సిన విషయం ఇది. ఈ మధ్య సింధు ఓ బ్యాడ్మింటన్ టోర్నీలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. అదే నాన్న టీవీ ఆపేసి, ‘ఈ అమ్మాయి ఇక మానేస్తే బాగుండు, చూడలేకపోతున్నాను’ అన్నారు. నాకు చాలా బాధేసింది. లక్ష్మణ్ ఇంకొక్క మ్యాచ్ ఆడలేదని పదేళ్ళకు పైగా బాధపడుతున్న మనిషి, సింధుని ఇవాళే మానెయ్యమంటున్నారు. నేనూ అంతేనేమో. మీరేమంటారు? గొప్ప ఆటగాళ్ళు ఎప్పుడు ఆపాలి? ఆ మాట చెప్పాల్సింది ఎవరు?

కృష్ణలంక

అన్నా, నా మాట కఠినంగా ఉంటే ఏమీ అనుకోకండి. లక్ష్మణ్ చేసిందే కరెక్ట్. 2011లో ఇంగ్లండ్‌లో 4-0తో ఓడాం, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో 4-0. ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు కలిపి లక్ష్మణ్ చేసింది 155 పరుగులు. ద్రవిడ్‌ది గోడ లాంటి డిఫెన్స్ కదా, ఆ సిరీస్‌లో ఆయన కూడా పదే పదే బౌల్డ్ అయ్యాడు. మార్చిలో ద్రవిడ్ తప్పుకున్నాడు, ఆగస్టులో లక్ష్మణ్. సొంతూళ్ళో చప్పట్ల కోసం ఆగకుండా, మీరు చూసిన ఆ 159 కొట్టే కుర్రాడిలాంటి వాళ్ళకి దారిచ్చారు.

తప్పుకోకుండా ఆడుతూ పోతే ఏమవుతుందో కపిల్ దేవ్ విషయంలో చూశాం. కపిల్ అంటే నాకు ప్రాణం. 83 కప్ గురించి మా మామయ్యలు చెప్పిన కథలు వింటూ పెరిగాను. కానీ న్యూజిలాండ్ బౌలర్ హ్యాడ్లీ 431 వికెట్ల రికార్డు దాటేదాకా, అంటే 1994 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో 432వ వికెట్ పడేదాకా, దేశమంతా వికెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అదే సమయంలో శ్రీనాథ్ అనే నిఖార్సైన ఫాస్ట్ బౌలర్ బెంచీ మీద ఉన్నాడు. 1991లోనే ఆస్ట్రేలియాలో టెస్టుల్లోకి వచ్చినవాడికి, మన గడ్డ మీద మొదటి టెస్టు 1994 నవంబర్‌లో గాని దొరకలేదు. ఫాస్ట్ బౌలర్‌కి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు మళ్ళీ వస్తుందా?

సచిన్ విషయంలోనూ అంతే. 2011 జనవరిలో కేప్‌టౌన్‌లో కొట్టిన 146 ఆయన ఆఖరి టెస్టు సెంచరీ. ఆ తర్వాత 2013 నవంబర్ దాకా ఆడాడు. చివరి ఇన్నింగ్స్‌లో వాంఖడేలో 74 కొట్టినప్పుడు నేనూ ఏడ్చాను. ఏడ్చాను కాబట్టి ఆ మూడేళ్ళూ సరైనవని మాత్రం అనలేను.

తిరుపతి బ్యాట్

కృష్ణలంక గారు, 155 చెప్పారు, బాగుంది. మరి దానికి ముందు సంవత్సరం సంగతి?

2010 ఆగస్టు, కొలంబో. వెన్ను పట్టేసి సరిగ్గా నిలబడలేకపోతున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో 257 ఛేజ్ చేస్తుంటే 103 నాటౌట్. అక్టోబర్‌లో మొహాలీ, ఆస్ట్రేలియా మీద 216 లక్ష్యం, 124కి ఎనిమిది పోయాయి. మళ్ళీ అదే వెన్ను నొప్పి, పరుగెత్తడానికి రైనా రన్నర్‌గా వచ్చాడు. ఇషాంత్‌తో కలిసి నిలబడి 73 నాటౌట్. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఎప్పుడూ కోపం రాని మనిషి, ఆఖరి బ్యాట్స్‌మన్ ఓజా మీద అరిచింది ఆ రోజే. డిసెంబర్‌లో డర్బన్‌లో 96. అందరూ 2001 ఈడెన్ 281 గురించే మాట్లాడతారు గానీ, నన్నడిగితే లక్ష్మణ్ అసలు గొప్పతనం ఈ అయిదు నెలల్లో ఉంది. అప్పటికి ఆయన వయసు 35, 36.

35 దాటినవాళ్ళంతా తప్పుకోవాలని రూల్ పెట్టి ఉంటే మొహాలీ ఉండేది కాదు. 2011 నవంబర్‌లో ఈడెన్‌లో వెస్టిండీస్ మీద 176 నాటౌట్ కూడా ఉండేది కాదు. ఆ 176కీ అడిలైడ్‌లో ఆఖరి టెస్టుకీ మధ్య మూడు నెలలు కూడా లేవు. నవంబర్‌లో ఈడెన్‌లో కూర్చున్నవాడు ‘ఇతను అయిపోయాడు’ అని ఎలా చెప్పగలడు? అయిపోయిందని తెలిసేది అయిపోయాకే.

విశాఖ ఫిజియో

నేను పదిహేనేళ్ళుగా క్రీడాకారులకి ఫిజియోథెరపీ చేస్తున్నాను. తిరుపతి గారి ఆఖరి వాక్యం పట్టుకుని నాలుగు మాటలు చెప్తాను.

వయసు ఒకేసారి మీద పడదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. మామూలుగా మొదట తగ్గేది కోలుకునే శక్తి. ఇరవై రెండేళ్ళ అమ్మాయి మూడు గేముల మ్యాచ్ ఆడి రాత్రి నిద్రపోతే, పొద్దున్నకి కాళ్ళు మళ్ళీ సిద్ధంగా ఉంటాయి. ముప్పై దాటాక అదే మ్యాచ్ తర్వాత రెండు రోజులు పడుతుంది. కానీ టోర్నీ రెండు రోజులు ఆగదు. అందుకే పెద్దవాళ్ళు మొదటి రౌండ్‌లో బ్రహ్మాండంగా ఆడి క్వార్టర్స్‌లో అలసిపోయినట్టు కనిపిస్తారు. ఆట పోవడం కాదది, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రాత్రి సరిపోకపోవడం.

ఆ తర్వాత తగ్గేది పేలుడు వేగం. కండరాల్లో చటుక్కున బలం ఇచ్చే పోగులు కొన్ని ఉంటాయి. వయసుతో ముందు సన్నబడేవి అవే. ఎక్కువసేపు నెమ్మదిగా పనిచేసేవి చాలాకాలం నిలుస్తాయి. స్ప్రింటర్ ముందుగా, మారథానర్ ఆలస్యంగా ఆపడానికి ఇదొక కారణం.

ఇక మోకాలు. ఎముకల మధ్య మెత్తగా ఉండే మృదులాస్థికి రక్తసరఫరా లేదు. అరిగితే కండరంలాగా తిరిగి పెరగదు. బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గరికి ఒక్క అంగలో దూకి, బరువంతా ముందు మోకాలి మీద ఆపి, వెంటనే వెనక్కి తోసుకుంటారు. మ్యాచ్‌లో అది వందల సార్లు. సైనాని చూడండి. 2016 రియో తర్వాత మోకాలికి సర్జరీ, ఏడాదిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సింధు మీదే గెలిచి బంగారం. అది చూసి మోకాలు బాగైపోయిందనుకున్నాం. బాగైంది నొప్పి మాత్రమే. 2024లో తనే చెప్పింది, మృదులాస్థి దెబ్బతిని ఆర్థరైటిస్ వచ్చిందని.

తగ్గనిది ఒకటుంది, చదవడం. బౌలర్ మణికట్టు చూసి బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం అనుభవంతో పెరుగుతుంది. కళ్ళూ చేతులూ కాస్త ఆలస్యమైనా ఆ ముందుచూపు సర్దుతుంది. కొన్నేళ్ళపాటు ఈ రెండూ బ్యాలెన్స్ అవుతాయి. లక్ష్మణ్ 2010 అలాంటి సంవత్సరం అని నా అభిప్రాయం. ఒకరోజు ఆ సర్దుబాటు చాలదు. ఏ రోజన్నది డాక్టర్లం కూడా ముందు చెప్పలేం.

షటిల్ అమ్మ, గుంటూరు

మా అమ్మాయికి పదమూడేళ్ళు, అకాడమీలో ఆడుతుంది. ఉప్పల్ గారి నాన్నగారి మాట చదివి మనసు చివుక్కుమంది, అందుకే రాస్తున్నాను.

కృష్ణలంక గారు చెప్పిన శ్రీనాథ్ సంగతి నిజమే. పదకొండు మంది జట్టులో ఒకరు కదలకపోతే ఇంకొకరు బయట ఉంటారు. బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో అలా కాదు. ర్యాంకింగ్ పాయింట్లు ఉంటే టోర్నీలోకి వస్తారు, లేకపోతే రారు. సింధు ఎవరి చోటూ పట్టుకుని కూర్చోలేదు. తనని దాటాలంటే తనని ఓడించి దాటాలి. మా అమ్మాయి వయసు పిల్లలకి అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

తను ఏమేం మోసిందో మర్చిపోతున్నాం. 2016 రియో వెండి, 2019 బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్, టోక్యోలో కాంస్యం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో ఆడి బంగారం తెచ్చింది, ఆ తర్వాత నెలల తరబడి కోర్టుకి దూరమైంది. పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లో హీ బింగ్‌జియావో చేతిలో ఓడినప్పుడు ‘అయిపోయింది’ అని రాయని పేపర్ లేదు. ఏడాది తిరగ్గానే, 2025 ఆగస్టులో అదే పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో ర్యాంకర్ వాంగ్ జియీని వరుస గేముల్లో ఓడించింది. ముప్పై ఏళ్ళకి! తర్వాతి మ్యాచ్ ఓడిపోయింది, ఒప్పుకుంటాను. మీ నాన్నగారికి ఆ వాంగ్ మ్యాచ్ వీడియో చూపించండి. ఫలితం ముందే చెప్పకండి.

సికింద్రాబాద్ మిథాలీ

పేరు చూస్తేనే తెలుస్తుంది నేనెవరి వైపో. ఇరవై మూడేళ్ళు ఆడింది మా మిథాలీ. 1999లో పదహారేళ్ళకి ఐర్లండ్ మీద మొదటి వన్డేలోనే 114 నాటౌట్. 2022 జూన్‌లో ఆపింది. వన్డేల్లో 7,805 పరుగులు.

ఆఖరి నాలుగైదేళ్ళు ఆమెను ఏమన్నారో నాకు గుర్తుంది. స్ట్రైక్ రేట్ తక్కువ, పాతకాలపు ఆట, ఎప్పుడు వదులుతుంది అని. 2018 టీ20 ప్రపంచకప్ సెమీస్‌లో పక్కన కూర్చోబెట్టారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఈ ఆట టీవీలో కనిపించని రోజుల్లో, రైళ్ళలో మామూలు బోగీల్లో ప్రయాణించి ఆడిన తరం అది. 2017 లార్డ్స్ ఫైనల్‌కి జట్టుని తీసుకెళ్ళింది తను. తొమ్మిది పరుగుల తేడాతో ఓడాం. 2022 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మీద ఆఖరి ఇన్నింగ్స్‌లో 68 చేసింది, మ్యాచ్ ఆఖరి బంతికి పోయింది. వీడ్కోలు మ్యాచ్ లేదు, ఊరేగింపు లేదు. ఓ ప్రకటన, అంతే.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు కప్ గెలిచాక, దాన్ని తీసుకెళ్ళి పాత తరం ఆటగాళ్ళు ఝులన్, మిథాలీ, అంజుమ్ చేతుల్లో పెట్టారు. నేను వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. కాబట్టి శిఖరం మీద ఉన్నప్పుడే ఆపాలి అనే మాట మిథాలీ విషయంలో నాకు అర్థం కాదు. ఆమె ఆడినన్నాళ్ళూ శిఖరం అన్నదే లేదు, దారి వేయడమే సరిపోయింది.

కృష్ణలంక

మేడమ్, మిథాలీ గురించి నేనొక్క మాట కూడా అనను. 2018లో నేను కూడా స్ట్రైక్ రేట్ గురించి వాదించినవాణ్ణే. ఇవాళ మీ పోస్ట్ చదివాక ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. షటిల్ అమ్మ గారు చెప్పిన తేడా కూడా ఒప్పుకుంటున్నాను, సింగిల్స్ ఆటకి నా వాదన పనికిరాదు. జట్టు ఆటల్లో మాత్రం నిర్ణయం ఆటగాడి ఒక్కడి చేతుల్లో వదలకూడదనే ఇప్పటికీ అంటాను. సెలెక్టర్ ఎదురుగా కూర్చుని, మర్యాదగా, పేపర్లో రాకముందే చెప్పాలి. మన దగ్గర ఆ మాట ఎవరూ మొహం మీద చెప్పరు. అందుకే ఆటగాడు అయోమయంలో ఉంటాడు, మనం ఊహాగానాలు చేస్తుంటాం.

న్యూజెర్సీ టెన్నిస్

2022 సెప్టెంబర్‌లో సెరీనా ఆఖరి సింగిల్స్ మ్యాచ్‌కి న్యూయార్క్‌లో ఆర్థర్ యాష్ స్టేడియంలో ఉన్నాను. ఇంకో మూడు వారాల్లో 41 నిండుతాయి. ముందు రౌండ్‌లో రెండో సీడ్ కొంటావీట్‌ని ఓడించింది, అందరం పిచ్చి ఆశలు పెట్టుకున్నాం. టామ్లానొవిచ్ మీద మూడు గంటలకు పైగా ఆడి మూడో సెట్ 6-1తో ఓడిపోయింది. స్కోరు చూస్తే చివర్లో వదిలేసింది అనిపిస్తుంది. ఆ చివరి గేమ్‌లో ఐదు మ్యాచ్ పాయింట్లు కాపాడుకుంది. ఆరోదానికి బంతి నెట్‌కి తగిలింది. ఓడిపోయే మనిషి అలా ఆడటం నేను ఎక్కడా చూడలేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది, ఆవిడెవరో నాకు తెలియదు.

ఇంకో ఉదాహరణ మన బోపన్న. మోకాళ్ళలో మృదులాస్థి లేదని తనే చెప్పాడు. అయ్యంగార్ యోగాతో నిలబడ్డాడు. డబుల్స్ ఎంచుకున్నాడు కాబట్టి కోర్టంతా పరుగెత్తక్కర్లేకపోయింది, సర్వీస్‌తోనూ రిటర్న్‌తోనూ పాయింట్ చిన్నది చేసేవాడు. 2024 జనవరిలో ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 43 ఏళ్ళకి మొదటిసారి డబుల్స్ నంబర్ వన్ అయ్యాడు. 2023లో అదే మెల్‌బోర్న్‌లో సానియా తన ఆఖరి గ్రాండ్‌స్లామ్‌లో అతనితోనే మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ సానియా ఏడ్చేసింది, పక్కనే బోపన్న నిలబడి ఉన్నాడు. ఆమెకి అక్కడితో గ్రాండ్‌స్లామ్‌లు ముగిశాయి, ఆమెకన్నా ఆరేళ్ళు పెద్దవాడికి ఏడాది తర్వాత తలుపు తెరుచుకుంది. ఏ రూల్‌తో దీన్ని వివరిస్తాం?

గుంతకల్ వాలీబాల్

పెద్ద పేర్ల మధ్య నా సంగతి రాయొచ్చో లేదో తెలియదు, అయినా రాస్తున్నాను. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాణ్ణి. ఇరవై ఏళ్ళు స్మాషర్‌గా ఆడాను. ఆ ఉద్యోగంతోనే ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, ఇల్లు కట్టాను.

ఆపడం అంటే అందరూ గౌరవం గురించే మాట్లాడుతున్నారు. మాలాంటివాళ్ళకి ఇంకోటి ఉంది. పొద్దున్న ఐదుకి లేవడం, గ్రౌండ్‌కి వెళ్ళడం, జట్టుతో ఊళ్ళు తిరగడం, పదిహేనేళ్ళ వయసు నుంచి నాకు తెలిసిన రోజు అదొక్కటే. 37లో భుజం పోయింది. నెట్ పైకి చెయ్యి లేస్తుంది కానీ బంతిలో బరువు లేదు. ఎదుటి బ్లాక్‌లో ఉన్న కుర్రాడికి ఆ సంగతి నాకన్నా ముందు తెలిసిపోయింది. వాడు ఎగరడం మానేసి కింద నిలబడి నా బంతి తీసుకున్నాడు. ఆ రోజు గ్రౌండ్‌లో ఎవరూ నన్నేమీ అనలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మల్లీశ్వరి గారి గురించి ఎవరూ రాయలేదు. 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. తర్వాత బిడ్డ పుట్టాడు, తండ్రి పోయారు. అయినా 2004లో ఏథెన్స్‌కి వెళ్ళారు. వెన్ను సహకరించలేదు, అక్కడితో ఆపేశారు. ఏథెన్స్‌కి ఎందుకు వెళ్ళిందని అన్నవాళ్ళున్నారు. భుజం పోయాక కూడా పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్ళినవాడిగా చెప్తున్నాను, వెళ్ళకుండా ఉండటం ఇంకా కష్టం.

షటిల్ అమ్మ, గుంటూరు

గుంతకల్ అన్నయ్యా, మీ పోస్ట్ మా అమ్మాయికి చదివి వినిపించాను. ‘ఇప్పుడు ఆడుతున్నారా అమ్మా?’ అని అడిగింది.

గుంతకల్ వాలీబాల్

ఆడుతున్నానని చెప్పమ్మా. లిఫ్టర్‌గా మారాను. వెనక నుంచి బంతి ఎలా వచ్చినా, కుర్రాళ్ళ చేతికి అందేలా లేపడం నా పని. ఇరవై ఏళ్ళు స్మాష్ కొట్టాను కాబట్టి ఎవరికి ఎంత ఎత్తు కావాలో చూడకుండానే తెలుస్తుంది. విశాఖ ఫిజియో గారు అన్న ‘చదవడం’ ఇదేనేమో.

తిరుపతి బ్యాట్

చెస్‌లో మన హంపి కూడా ఇదే వరసలో వస్తుంది. శరీరం కన్నా బుర్రతో ఆడే ఆటే అయినా, గంటలకొద్దీ కూర్చోవడంలో అలసట తక్కువేమీ కాదు. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్‌లో మొదటి గేమ్ ఓడిపోయి, తర్వాత పుంజుకుని 37 ఏళ్ళకి రెండోసారి ఛాంపియన్ అయింది. 2025 జూలైలో బటూమిలో ప్రపంచకప్ ఫైనల్లో 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. గెలిచినప్పటి కన్నా ఆ ఫైనల్ చూసినప్పుడే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. సగం వయసు పిల్ల ఆమెను పక్కకి తప్పించలేదు, ఎదురుగా కూర్చుని ఓడించాల్సి వచ్చింది.

ఉప్పల్ నార్త్ స్టాండ్

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపిస్తున్నాను. మొహాలీ ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. వెన్ను నొప్పి సంగతి ఆయన మర్చిపోయారు. ‘అలా రెండేళ్ళు నొప్పితో ఆడాడా? నేను ఐదు రోజుల గురించి ఇన్నాళ్ళు పట్టుకుని కూర్చున్నాను’ అన్నారు.

నిన్న రాత్రి షటిల్ అమ్మ గారు చెప్పిన వాంగ్ జియీ మ్యాచ్ పెట్టాను. ఫలితం చెప్పలేదు. మొదటి గేమ్ 21-19 అయ్యేసరికి కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నారు. రెండోది 21-15తో గెలిచాక కాసేపు మాట్లాడలేదు. తర్వాతి మ్యాచ్ ఎవరితో అని అడిగారు. క్వార్టర్స్‌లో ఇండోనేషియా అమ్మాయి వర్దానీతో మూడు గేములు ఆడి ఓడిపోయిందని ఈసారి ముందే చెప్పేశాను.

‘అది కూడా పెట్టు’ అన్నారు.